ఫైబర్ బోటు డెక్కు జారకుండా రంగు: ఇసుక ఎంత సైజు, ఎప్పుడు చల్లాలి, ఎందుకు ఊడుతుంది?

ఉప్పాడ_తీరం:

అందరికీ నమస్కారం. 9 మీటర్ల ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్) బోటు, ఉప్పాడ ఒడ్డు మీద ఎక్కించి ఉంది. జూన్ 14తో వేట నిషేధం అయిపోతుంది, ఆలోగా డెక్కు పని ముగించాలి. అణియం (బోటు ముందు భాగం) దగ్గర డెక్కు, పక్క నడక, అమరం (వెనక భాగం) దగ్గర వల లాగే చోటు అన్నీ కలిపి సుమారు 10 చదరపు మీటర్లు.

ఇప్పుడున్నది సింథటిక్ ఎనామెల్. నిరుడు సముద్రం ఇసుకనే జల్లించి డబ్బాలో కలిపి రోలర్‌తో వేశారు. నాలుగు నెలల్లో కాలు ఎక్కువగా పడేచోట అరచెయ్యంత పెచ్చులు లేచాయి. మిగిలినచోట ఒక దగ్గర నున్నగా, ఒక దగ్గర వల తగులుకునేంత గరుకుగా ఉంది. కళాసీలందరూ ఉత్త కాళ్లతోనే పని చేస్తారు.

అడగాల్సినవి నాలుగు. పాత రంగు మొత్తం తీయాలా? ఏ రంగు, ఎంత కొనాలి? ఇసుక రంగులో కలపాలా, పైన చల్లాలా? చేప జిగురు, నీళ్లు ఉన్నా జారకూడదు, అదే సమయంలో వల చిరగకూడదు, కాళ్లు కోసుకోకూడదు. అలాంటి ఇసుక ఏది?

రంగు_రోలర్:

మొత్తం తీయాలండీ. ఊడినచోట అతుకేస్తే దాని పక్కది ఊడుతుంది.

ముందు ఎందుకు ఊడిందో చెప్తాను, లేకపోతే ఈసారి ఖరీదైన రంగుతో అదే తప్పు జరుగుతుంది. ఫైబర్ బోటు అచ్చులోంచి వస్తుంది. అచ్చుకి అంటుకోకుండా పూసే మైనం కొంత జెల్‌కోటు, అంటే ఫైబర్ పైనుండే నున్నటి రెసిన్ పొర మీదే ఉండిపోతుంది. దాని మీద ఏళ్ల తరబడి డీజిలు, చేప నూనె చేరతాయి. ఆ పొర పోకుండా ఎమిరీ పేపరు పట్టిస్తే మైనం గీతల్లోకి దిగి ఇంకా గట్టిగా కూర్చుంటుంది. అంటే మీ ఎనామెల్ డెక్కుకి అంటలేదు, మైనానికి అంటింది. రెండోది సముద్రపు ఇసుక. ఎంత జల్లించినా దాన్ని ఉప్పు వదలదు. రంగు కింద ఉప్పు ఉంటే నీటిని లాక్కుంటుంది, పొక్కు లేస్తుంది, పొక్కు పగిలి పెచ్చు అవుతుంది. గరుకు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ రావడానికి కారణం వేరు: ఇసుక రంగు కన్నా బరువు, కలిపిన రెండు నిమిషాల్లో ట్రే అడుగుకి దిగిపోతుంది. మొదట ముంచిన రోలర్‌కి రంగే వస్తుంది, చివరిదానికి ఇసుక ముద్ద వస్తుంది.

కాబట్టి పని ఇలా చెయ్యండి.

డిటర్జెంటు, గట్టి నైలాన్ బ్రష్‌తో రెండుసార్లు కడిగి మంచినీళ్లతో తొలవండి. స్క్రాపర్‌తో వచ్చినంత ఎనామెల్ లేపండి. రంగు తీసే కెమికల్ జెల్లీలు ఫైబర్ మీద వాడకండి, చాలావాటికి జెల్‌కోటు కూడా మెత్తబడుతుంది. హీట్ గన్ కూడా వద్దు, కింద రెసిన్ పాడవుతుంది. తర్వాత మైనం తీయాలి. ఒక చేతిలో థిన్నర్ తడిపిన గుడ్డ, రెండో చేతిలో పొడిగుడ్డ. తడిగుడ్డతో అర మీటరు తుడిచి, ఆరకముందే పొడిగుడ్డతో ఎత్తాలి. గుడ్డ మురికైతే తిప్పాలి, పూర్తిగా మురికైతే పారేయాలి. ఒకే గుడ్డతో డెక్కంతా తుడిస్తే మైనాన్ని ఇక్కడినుంచి అక్కడికి పంచిపెట్టినట్టే. దీనికి అసిటోన్ కన్నా నిదానంగా ఆరే థిన్నర్ మేలు. మే ఎండలో అసిటోన్ గుడ్డ మార్చేలోపే ఆరిపోయి, మైనం ఉన్నచోటే మిగులుతుంది.

ఆ తర్వాతే ఎమిరీ. 80 నంబరుతో మొదలుపెట్టి 120తో ఆపండి. అంతకన్నా నునుపు అక్కర్లేదు. మెరుపు ఎక్కడా కనబడకూడదు, మూలల్లో, హ్యాచ్ (డెక్కు మూత) అంచుల్లో చేత్తోనైనా పట్టాలి. ఊడటం మొదలయ్యేది ఎప్పుడూ అక్కడినుంచే. ధూళి ఊడ్చి, వ్యాక్యూమ్ పెట్టి, మళ్లీ ఒకసారి థిన్నర్ గుడ్డ. ఇప్పుడు గ్లాసుడు మంచినీళ్లు పోసి చూడండి. నీరు పలచటి పొరగా పరుచుకుని కనీసం అర నిమిషం అలాగే ఉంటే శుభ్రమైనట్టు. తామరాకు మీద నీళ్లలా ముత్యాలు కడితే మైనమో నూనెనో ఇంకా ఉంది, మళ్లీ తుడవాలి. ఈ పరీక్ష దాటకుండా రంగు డబ్బా మూత తెరవకండి. పని మొత్తంలో ముప్పావు వంతు ఇదే.

స్క్రూడ్రైవర్ పిడితో డెక్కంతా తట్టుకుంటూ రండి. టంగుమనే చోట ఫర్వాలేదు. డొల్లగా, మెత్తగా వినబడితే లోపల పొర విడిపోయింది లేదా నీరు చేరింది, రంగు కన్నా ముందు దానికి వైద్యం కావాలి. జుట్టులాంటి పగుళ్లుంటే వీ ఆకారంలో తెరిచి ఎపాక్సీ లప్పంతో నింపండి. గోడలకు పెట్టే లప్పం నీటిని పీలుస్తుంది, ఇక్కడ పనికిరాదు.

రంగులు అన్నీ రెండు డబ్బాల రకం, అంటే బేసు, హార్డెనర్ విడివిడి డబ్బాల్లో వచ్చి కలిపి వాడేవి: కింద రెండు డబ్బాల ఎపాక్సీ ప్రైమరు, దాని మీద ఇసుకను పట్టుకోవడానికి రెండు డబ్బాల హైబిల్డ్ (మందంగా పడే) ఎపాక్సీ, పైన రెండు కోట్లు రెండు డబ్బాల పాలీయురేథేన్, అంటే పీయూ. ఎపాక్సీకి పట్టు ఎక్కువ, ఎండకు మాత్రం సుద్దలా పొడి రాలుతుంది. పీయూ ఎండకు నిలుస్తుంది. అందుకే ఈ జోడీ. ఏదో ఒక్కదానితో సరిపెట్టుకోవద్దు.

ఎంత కొనాలో లెక్క కట్టడం తేలిక. డబ్బా మీద, లేదా దాని డేటా షీటులో ఘనపదార్థం శాతం ఘనపరిమాణంలో ఇస్తారు. దాన్ని 10తో గుణించి, ఆరాక కావాల్సిన మందం మైక్రాన్లతో భాగిస్తే లీటరుకి ఎన్ని చదరపు మీటర్లో వస్తుంది. 80 శాతం ఘనపదార్థం ఉన్న ఎపాక్సీని 200 మైక్రాన్లు వేయాలంటే లీటరుకి 4 చదరపు మీటర్లు. మీ 10కి రెండున్నర లీటర్లు, వృథాతో కలిపి 3. 50 శాతం పీయూని 50 మైక్రాన్లు వేస్తే లీటరుకి 10. కానీ ఇసుక మీద వేస్తారు, గరుకు ఉపరితలం ఎక్కువ తాగుతుంది. మొదటి కోటుకి లీటరున్నర, రెండోదానికి లీటరుంబావు పెట్టుకోండి. ప్రైమరు లీటరున్నర. రేటు చూసి 4 లీటర్ల ప్యాకు కొన్నా, పీయూ హార్డెనర్ డబ్బా ఒకసారి తెరిచాక గాలిలో తేమకు పాడైపోతుందని గుర్తుంచుకోండి, మిగిలింది వచ్చే ఏటికి ఉండదు.

ఇసుక చల్లే పద్ధతి గురించి తర్వాతి వాళ్లు చెప్పకపోతే రాత్రి రాస్తాను.

వలతాడు:

ఇసుక గురించి నేను చెప్తాను, వల తగులుకోవడం అసలు సమస్య అక్కడే కాబట్టి.

ముందు సైజు. 0.3 నుంచి 0.5 మిల్లీమీటర్ల మధ్య. జల్లెడ నంబర్లలో 40 నంబరు జల్లెడ కన్ను 0.42 మి.మీ., 60 నంబరుది 0.25 మి.మీ. కాబట్టి 40లోంచి దిగి 60 మీద నిలిచింది తీసుకుంటే చాలావరకు సరిపోతుంది. నీళ్ల ఫిల్టర్లకు అమ్మే 16/30 రకం దొరకడం సులువే కానీ అది 0.6 నుంచి 1.2 మి.మీ., ఉత్త కాళ్లకు, మోకాలు ఆన్చి పని చేసేవాళ్లకు నరకం. మరీ 0.2 కన్నా సన్నదైతే రెండు కోట్ల పీయూ కింద మునిగిపోయి డెక్కు మళ్లీ నున్నగా అవుతుంది.

తర్వాత ఆకారం. ఎక్కువమంది పట్టించుకోనిది ఇదే. రాయి పగలగొట్టి పొడి చేసిన క్వార్ట్జ్‌కి అంచులు కోసుగా ఉంటాయి. అల్యూమినియం ఆక్సైడ్ అంతకన్నా పదును, అరుగుదలకు బ్రహ్మాండంగా నిలుస్తుంది, అందుకే ఇనుప ఓడల డెక్కులకు, బూట్లు వేసుకుని తిరిగేచోటికి అది సరైనది. నైలాన్ వల రోజూ ఈడ్చే చోట అదే ఆకురాయిలా పని చేస్తుంది. మనకు కావాల్సింది సహజమైన సిలికా ఇసుక. గూడూరు దగ్గర చిల్లకూరు, కోట వైపు తవ్వే రకం. గాలికి, నీటికి దొర్లి అంచులు అరిగి ఉంటాయి. కడిగి ఆరబెట్టి సైజు వేరుచేసి బస్తాల్లో అమ్మేదే తీసుకోండి. తీరంలో తవ్విందైనా కడిగాక పనికొస్తుంది, కడగకపోతే మీ నిరుటి కథే.

కొన్నాక కూడా ఒకసారి ఇనుప రేకు మీద పోసి కింద మంట పెట్టి తేమ పోయేదాకా వేయించండి. పూర్తిగా చల్లారాకే వాడాలి. వేడి ఇసుక పడితే ఎపాక్సీ గబుక్కున గట్టిపడుతుంది, తడి ఇసుక పడితే అసలు పట్టదు.

ఎంత కావాలి? 0.4 మి.మీ. గింజలు ఒక్క పొరగా పరిస్తే చదరపు మీటరుకి సుమారు 600 గ్రాములు అంటుకుంటుంది. కానీ చల్లేటప్పుడు అంతకు రెట్టింపు పైనే చల్లాలి, లేకపోతే బోడిమచ్చలు వస్తాయి. మీ డెక్కుకి 15 కిలోలు దగ్గర పెట్టుకోండి. ఊడ్చాక వచ్చిన ఇసుకను మళ్లీ జల్లించి వాడుకోవచ్చు, కాస్త ఎపాక్సీ ముద్దలున్నా జల్లెడ మీదే ఆగిపోతాయి.

డెక్కంతా ఒకే గరుకు పెట్టకండి. నడిచే చోట, ఇంజను దగ్గర దిగే మెట్టు, అణియం మీద లంగరు లాగే చోటు 0.3–0.5. వల కుప్పపోసే చోట, అంచు మీదుగా వల జారే పట్టీలో ఇసుకే వద్దు, లేదా సన్నటి పాలీప్రొపిలీన్ గుళికలు. అవి మెత్తన, వలను కొయ్యవు. ఇసుకంత కాలం నిలవవు, రెండు సీజన్లకు అరుగుతాయి, అయినా వల ఖరీదు ముందు అది లెక్కలోకి రాదు.

రంగు_రోలర్:

వలతాడు గారు చెప్పిన ఇసుకకు ఒప్పుకుంటున్నా. గుళికలు వాడేచోట మాత్రం చల్లొద్దు, చాలా తేలిక, గాలికి పోతాయి. మొదటి కోటు పీయూలో కలిపి, ప్రతి రెండు నిమిషాలకు కర్రతో అడుగునుంచి తిప్పుతూ రోలర్ వేయండి.

ఇక చల్లడం.

ముందు డెక్కును గడులుగా విడగొట్టండి. ప్రతి గడి చుట్టూ, హ్యాచ్‌ల చుట్టూ, తాళ్లు కట్టే క్లీట్ల చుట్టూ, నీళ్లు పోయే కన్నాల చుట్టూ 30 మి.మీ. నున్నటి పట్టీ వదిలి మాస్కింగ్ టేపు వేయాలి. గడి మూలలు చిన్న డబ్బా మూత పెట్టి గుండ్రంగా గీయండి. చదరపు మూల ముందు లేస్తుంది. ఈ పట్టీలు అందానికి కావు. నీరు పారడానికి దారి, పొలుసు, జిగురు కడగడానికి వీలు, సీలెంటు మళ్లీ వేసుకోవడానికి చోటు. పైగా రేపు ఒకచోట అరిగితే ఆ గడి ఒక్కటే చేసుకోవచ్చు.

ప్రైమరు ఆరాక, డబ్బా మీద రాసిన మళ్లీ-పూత గడువు లోపలే హైబిల్డ్ ఎపాక్సీ. బేసు, హార్డెనర్ విడివిడిగా బాగా తిప్పి, చెప్పిన నిష్పత్తిలోనే కలపండి. ఆ నిష్పత్తి ఘనపరిమాణానికా, బరువుకా అన్నది చూసుకోండి, ఈ ఒక్క పొరపాటుకే గట్టిపడని డెక్కులు చాలా ఉంటాయి. హార్డెనర్ ఎక్కువేస్తే తొందరగా ఆరదు, ఎపాక్సీలో మిగిలిన హార్డెనర్ జిగటగా అలాగే ఉంటుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాడుకునే సమయం దాదాపు సగమవుతుంది, కాబట్టి డేటా షీటులో 20 డిగ్రీలకు రాసిన సమయాన్ని మేలో నమ్మొద్దు. ఒకసారికి అర లీటరు మించి కలపకండి. కలిపింది డబ్బాలో ఉంచకుండా వెంటనే ట్రేలో పల్చగా పోయండి, ముద్దగా ఉంటే తనలో తనే వేడెక్కి పొగలు వస్తుంది.

ఇద్దరు ఉండాలి. ఒకరు రోలర్, ఒకరు ఇసుక. రోలర్ వేసిన అయిదారు నిమిషాల్లో ఇసుక పడాలి. ముగ్గు వేసినట్టు వంగి వదలకండి, గుట్టలు పడతాయి. భుజం ఎత్తునుంచి విత్తనాలు చల్లినట్టు పైకి విసిరితే గింజలు నిటారుగా, సమానంగా దిగుతాయి. తడి రంగు ఎక్కడా కనబడనంత వరకు, పొడి ఇసుక నేలలా అయ్యేవరకు చల్లుతూనే ఉండండి. ఇంకో సంగతి: తర్వాత రోలర్ కలవాల్సిన అంచులో 10–15 సెం.మీ. ఇసుక లేకుండా తడిగానే వదలండి. అక్కడ కూడా చల్లేస్తే రోలర్ ఆ ఇసుకను ఎత్తుకుని కొత్త రంగులో గడ్డలు చేస్తుంది, అతుకు గీతలా కనబడుతుంది.

చల్లడం అవగానే, ఎపాక్సీ ఇంకా మెత్తగా ఉండగానే టేపు లాగేయండి. మర్నాటికి వదిలితే ఇసుక అంచు టేపుతోపాటు విరిగొస్తుంది. మర్నాడు ఊడ్చి, ఇటుక ముక్కను చదునుగా పెట్టి తేలిగ్గా ఒక్కసారి రుద్దితే నిలబడ్డ గింజలు, వదులుగా ఉన్నవి రాలిపోతాయి. వ్యాక్యూమ్. మళ్లీ టేపు, ఈసారి ఇసుక అంచుకి 2–3 మి.మీ. బయటికి, పీయూ అంచును కప్పేలా.

ఇక్కడ ఒకటి బాగా గుర్తుంచుకోవాలి. మామూలు పనిలో గడువు దాటితే ఎమిరీ పట్టి మళ్లీ వేస్తాం. ఇసుక చల్లాక ఎమిరీ పట్టే వీలే లేదు. అందుకే చల్లిన రోజు నుంచి రెండు పీయూ కోట్లు పడేదాకా గడువు దాటకుండా మూడు వరస రోజులు ముందే చూసిపెట్టుకోండి. మధ్యలో పెళ్లో తీర్థమో ఉంటే చల్లడమే వాయిదా వేయండి.

పీయూ రెండు కోట్లే. మూడోది వేయాలనిపిస్తుంది, మెరుపు బాగా వస్తుంది కాబట్టి. వేయకండి. గింజ సగానికి పైగా పొరలో పాతుకుని ఉండాలి, మిగిలింది పైకి పొడుచుకుని ఉండాలి. 0.4 మి.మీ. గింజ అంటే 400 మైక్రాన్లు. కింద ఎపాక్సీ 200, రెండు పీయూ కోట్లు 100. మిగిలిన 100 మీదే మీ కాలు నిలబడేది. మూడో కోటు అందులో సగం మింగేస్తుంది.

ఉప్పాడ_తీరం:

చాలా స్పష్టంగా ఉంది, ఇద్దరికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు. రోజులో ఏ వేళ వేయాలి? పొద్దున మంచు తడి ఉంటుంది, మధ్యాహ్నం డెక్కు మీద కాలు పెట్టలేం. ఇంకోటి, మాకు తెలిసిన బోట్ల యార్డులో ఇవేమీ వద్దు, జెల్‌కోటే బ్రష్‌తో పూసి ఇసుక చల్లుదాం, సగం ఖర్చులో అయిపోతుంది అంటున్నారు. అది నిలుస్తుందా?

రెసిన్_కొలత:

యార్డు వాళ్లు చెప్పింది తప్పు కాదు, సరిగ్గా చేస్తే బాగా నిలుస్తుంది కూడా. చాలాచోట్ల సరిగ్గా చేయరు, కారణం మైనమే మళ్లీ.

జెల్‌కోటు గాలి తగిలితే పైపొర ఆరదు, జిగటగా ఉండిపోతుంది. అందుకే బయట పూసేదానిలో స్టైరీన్‌లో కరిగించిన మైనం 2 నుంచి 5 శాతం కలుపుతారు. అది పైకి తేలి గాలిని ఆపుతుంది. యార్డులో మొదటి పూతలోనే ఈ మైనం కలిపి, ఇసుక చల్లి, మర్నాడు ఇంకో పూత వేస్తారు. రెండు పూతల మధ్య మైనం ఉండిపోతుంది. ఆ రెండోది మీ ఎనామెల్ లాగే లేస్తుంది.

సరైన వరస ఇది. మొదటి పూత మైనం లేకుండా, చదరపు మీటరుకి సుమారు 500 గ్రాములు, అంటే 0.4 మి.మీ. మందం. తడిగా ఉండగానే ఇసుక. ఇది జిగటగానే ఆరుతుంది, మంచిదే, తర్వాతి పూత దాన్ని రసాయనికంగా పట్టుకుంటుంది. వదులు ఇసుక ఊడ్చి అదే రోజు, లేదా మర్నాడు పొద్దున్నే మైనం కలిపిన రెండో పూత. అంతటితో ఆపేయాలి. ఎంఈకేపీ హార్డెనర్ బరువులో 1 నుంచి 2 శాతం, కిలోకి 10 నుంచి 20 గ్రాములు. ఎండ ఎక్కువగా ఉందని 1 శాతం కన్నా తగ్గించకండి, పైకి గట్టిగా కనబడుతుంది కానీ లోపల పూర్తిగా పట్టక, తర్వాత సుద్దలా రాలుతుంది. తొందరగా గట్టిపడుతుంటే నీడ పెంచండి, ఒకసారికి కలిపే జెల్‌కోటు తగ్గించండి. మూతలతో కొలవడం మానేసి కాటా పెట్టుకోండి. కోబాల్ట్ (రెసిన్ త్వరగా గట్టిపడటానికి కలిపేది), ఎంఈకేపీ రెండూ విడిగా ఒకదానితో ఒకటి ఎప్పుడూ కలవకూడదు, పేలుతుంది. ఒకటి రెసిన్‌లో పూర్తిగా కలిశాకే రెండోది.

ఇంకో హద్దు: పాలియెస్టర్ (మీ ఫైబర్, జెల్‌కోటు చేసే రెసిన్) మీద ఎపాక్సీ పడుతుంది, ఎపాక్సీ మీద పాలియెస్టర్ జెల్‌కోటు సరిగా పట్టదు, చాలాసార్లు గట్టిపడదు కూడా. మీరు ఎపాక్సీ లప్పం పెట్టి, ఎపాక్సీ ప్రైమరు వేశాక యార్డు వాళ్లను పిలిచి జెల్‌కోటు వేయమంటే పని చెడుతుంది. మొదటి డబ్బా తెరిచేముందే ఏదో ఒక దారి తేల్చుకోండి. మీ డెక్కు పాతది, నూనె తాగినది, పగుళ్లు కూడా ఉంటాయి కాబట్టి నేనైతే ఎపాక్సీ దారికే వెళ్తాను. కొత్త బోటు అయితే జెల్‌కోటు.

వేళ సంగతి. గాలిలో తేమ 85 శాతం దాటితే వేయకండి. డెక్కు ఉపరితలం వేడి, మంచు పట్టే ఉష్ణోగ్రత కన్నా కనీసం 3 డిగ్రీలు పైన ఉండాలి. దానికి తేలిక లెక్క ఉంది: గాలి ఉష్ణోగ్రతలోంచి, 100లో తేమ శాతం తీసేస్తే వచ్చేదాంట్లో అయిదో వంతు తగ్గించండి. గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం అయితే 20లో అయిదో వంతు 4, మంచు పట్టేది సుమారు 26 డిగ్రీల దగ్గర. డెక్కు 29 ఉంటే వేయొచ్చు. సాయంత్రం గాలి 30 ఉన్నా, ఆకాశానికి తెరిచి ఉన్న డెక్కు ముందే చల్లబడుతుంది, కంటికి తడి కనబడకుండానే పీయూ మెరుపు చచ్చిపోతుంది, సన్న బుడగలు వస్తాయి. కాబట్టి ఫైబర్‌కి పొద్దున మంచు ఆరాక, ఎనిమిది నుంచి పది లోపల. పైన మనిషెత్తు మీద టార్పాలిన్ కట్టండి, గాలి ఆడేలా. ముందురోజు సాయంత్రమే కట్టేస్తే రాత్రి మంచు కూడా అంతగా పడదు. అలా వేస్తే సాయంత్రానికి పీయూ తాకితే అంటనంత ఆరుతుంది.

ఎపాక్సీ మీద రాత్రి తేమకు కొన్నిసార్లు మైనంలాంటి జిడ్డు పొర వస్తుంది. థిన్నర్‌తో అది పోదు. మంచినీళ్లు, పచ్చ స్క్రబ్బర్ పట్టి రుద్ది కడగాలి, పూర్తిగా ఆరాకే పై పూత. ప్రైమరు మీద ఇది తప్పకుండా చూసుకోండి. ఇసుక పొర మీద వస్తే గట్టి బ్రష్‌తో కడగాలి.

పోర్ట్_లాంచీ:

కర్ర బోటు వాళ్లు కూడా చదువుతారు కాబట్టి రెండు తేడాలు.

వేళ తిరగబడుతుంది. కర్ర రంధ్రాల్లో గాలి ఉంటుంది. పొద్దున వేస్తే ఎండ పెరిగేకొద్దీ ఆ గాలి ఉబ్బి ఎపాక్సీలోంచి బుడగలై బయటికి వస్తుంది, సూదిబెజ్జాలు మిగులుతాయి. అందుకే మొదటి కోటు మధ్యాహ్నం మూడు దాటాక, కర్ర చల్లబడే వేళ. అప్పుడు కర్రే రంగును లోపలికి పీలుస్తుంది. రంధ్రాలు మూసుకున్నాక మిగతా కోట్లు పొద్దున వేసుకోవచ్చు.

ఇక పలకలు పేర్చి సందుల్లో కుట్టు వేసిన డెక్కు మీద నేరుగా ఎపాక్సీ ఇసుక వేయకండి. పలక నానితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది, ఎపాక్సీ కదలదు. ప్రతి సందు మీదా గీతలా పగులుతుంది, ఆ పగులులోంచి దిగిన నీరు పైకి ఆరే దారి లేక పలకను కుళ్లిస్తుంది. అలాంటి డెక్కుకి సాగే గుణం ఉన్న ఒక డబ్బా డెక్కు పెయింటే మేలు, ఏటా వేసుకోవాలి, అంతే. లేదంటే పైన ఐఎస్ 710 మెరైన్ ప్లైవుడ్ పరిచి, దాని అంచులకు మూడు కోట్లు ఎపాక్సీ తాగించి, అప్పుడు ఇసుక. ప్లైవుడ్ పాడయ్యేది ముఖం మీదనుంచి కాదు, అంచుల్లోంచి, స్క్రూ కన్నాల్లోంచి.

ఉప్పాడ_తీరం:

ఎపాక్సీ దారికే వెళ్తున్నాం. ఇంకొన్ని చిన్నవి: పాత ఎనామెల్ కొన్ని మూలల్లో గీకినా రావట్లేదు, బాగానే అంటి ఉంది, దాని మీద వేయొచ్చా? రంగు ఏది మంచిది? మా దగ్గర మామూలు ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ చాలా ఉంది, అది పీయూలో వాడొచ్చా?

రంగు_రోలర్:

ఎన్‌సీ థిన్నర్ పీయూలో వద్దు. అందులో ఆల్కహాల్ ఉంటుంది, ఎపాక్సీ థిన్నర్లలో కూడా ఉంటుంది. పీయూ హార్డెనర్ అసలు బేసుతో కలవాల్సింది ఆ ఆల్కహాల్‌తో కలిసిపోతుంది, రంగు ఎప్పటికీ పూర్తిగా గట్టిపడదు, గోరుతో గీరితే వస్తుంది. పీయూకి పీయూ థిన్నరే, అదీ డబ్బా మీద చెప్పినంతే. ఎన్‌సీ థిన్నర్‌ని పనిముట్లు కడగడానికి ఉంచుకోండి.

మూలల్లో ఎనామెల్ మీద రెండు డబ్బాల రంగు పడదు. కావాలంటే అక్కడ ఎపాక్సీ థిన్నర్ తడిపిన గుడ్డ పది నిమిషాలు పెట్టి చూడండి, ముడతలు పడి లేస్తుంది. మీరు వేసే రంగులోని థిన్నర్ కూడా అదే చేస్తుంది. గీకి తీయాల్సిందే, 60 నంబరు చిన్న ముక్క చెక్కకు చుట్టి పట్టండి. ప్రైమరు రెండురోజులు ఆరాక ఒక మూల బ్లేడుతో ఇంటూ గుర్తులా గీసి, గట్టి టేపు అంటించి ఒక్కసారిగా లాగి చూడండి. గీత పక్కన రంగు లేచిందంటే అక్కడే ఆగి, శుభ్రం చేయడం మొదటినుంచి చేయాలి. ఇసుక చల్లాక తెలిస్తే బాధ పదింతలు.

రంగు లేత బూడిద, లేదా గోధుమ కలిసిన క్రీము. తెల్లటి తెలుపు ఎండలో కళ్లు చెదరగొడుతుంది, ముదురు నీలం, ఆకుపచ్చ వేస్తే ఉత్త కాళ్లు పెట్టలేరు. నున్నటి పట్టీలు కొంచెం ముదురు వేస్తే రాత్రి టార్చి వెలుగులో గడులు, హ్యాచ్ అంచులు తెలుస్తాయి.

జాగ్రత్తలు: పీయూ హార్డెనర్‌లో ఐసోసైనేట్ ఉంటుంది. రోలర్‌తోనే వేయండి, గన్‌తో కొట్టొద్దు. స్ప్రే పొగకు గుడ్డ కట్టుకోవడం, మామూలు మాస్కు పెట్టుకోవడం దేనికీ పనికిరావు, బయటినుంచి గాలి అందించే మాస్కు కావాలి. రోలర్‌కైనా ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ మాస్కు, నైట్రైల్ గ్లవ్స్. ఉబ్బసం ఉన్నవాళ్లను ఈ పనికి పెట్టకండి. పాత ఇసుక రంగు గీకేటప్పుడు లేచే ధూళిలో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లో శాశ్వతంగా ఉండిపోతుంది. నీళ్లు చల్లుకుంటూ గీకండి, ఎన్95 తీయకండి.

వలతాడు:

చివరి పీయూ కోటు అయ్యాక ఒక రోజు ఆగి మెత్తగా నడవొచ్చు. వల, లంగరు, ఐస్ పెట్టెలు, డీజిలు డబ్బాలు ఏడు రోజులు ఎక్కించకండి. అంటే జూన్ 15న కడలిలోకి దింపాలంటే ఆఖరి కోటు జూన్ 7 కల్లా అయిపోవాలి. వెనక్కి లెక్కేసుకుంటే ఇసుక చల్లడం 5న, అంతకుముందు ప్రైమరు, పగుళ్ల లప్పం, గీకుడు. తొలకరి వాన జల్లులు ముందే పడే ఏడాదులుంటాయి, ఇంకో వారం వెసులుబాటు పెట్టుకుని ఈ నెలాఖరుకే ముగించేలా చూడండి.

వాడకంలో: రోజూ కడిగేటప్పుడు సముద్రపు నీళ్లు, నైలాన్ బ్రష్ చాలు. పొలుసు గింజల మధ్య ఎండిపోయాక రాదు, తడిగా ఉండగానే కడగాలి. ఇనుప తీగ బ్రష్ పెట్టొద్దు, తెగిన తీగలు గింజల మధ్య ఇరుక్కుని తుప్పు మరకలు పడతాయి. వారానికోసారి డిటర్జెంటుతో జిడ్డు తీయండి, ఎందుకంటే గరుకు ఎంతున్నా గింజల మధ్య పల్లాలు చేప నూనెతో నిండితే కాలు జారుతుంది. ఇంజను మూత చుట్టూ డీజిలు కారే గడి మిగతావాటికన్నా ముందు అరుగుతుంది. ఆ గడికి వాడిన రంగు బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు రాసిపెట్టుకోండి, అరకిలో ఇసుక అదే బస్తాలోంచి సీసాలో దాచండి. వచ్చే నిషేధంలో ఆ ఒక్క గడిని గీకి మళ్లీ వేసినా మిగతా డెక్కుతో గరుకు కలుస్తుంది.